ట్రయల్ బొట్టు

మా మేనకోడలి పూలుపండ్లకు, అంటే పెళ్ళి ఖాయం చేసుకునే వేడుకకు, ముహూర్తం పెట్టేటప్పుడు పంతులును అడగడానికి ముందు మస్కట్‌ను అడిగారు. పెళ్ళికొడుకు అక్కడ ఏసీలు బిగించే కంపెనీలో పనిచేసేవాడు. అతనికి శుక్రవారం ఒక్కటే సెలవు. తర్వాత పంతులును అడిగితే ఆయన కూడా శుక్రవారమే మంచిదన్నాడు. కంపెనీ సెలవూ లక్ష్మీదేవి వారమూ ఒకే రోజు పడేసరికి మా తమ్ముడు ఇదంతా దైవసంకల్పం అన్నాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

పిల్లకు నేను మేనత్తను. మొగుడు చిన్న వయసులోనే పోతే, నల్లగొండ జిల్లాలో ఊరు విడిచి నాచారంలో తమ్ముడి ఇంటికి వచ్చాను. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల కంపెనీలో సీసాలకు చీటీలు అంటించే పని దొరికింది. ఆ చీటీల మీద ఏముందో తెలియకుండానే ఏళ్ళ తరబడి అంటించాను. తలకిందులుగా అంటిస్తే సూపర్‌వైజర్ తిట్టేవాడు. అందుకని అక్షరం రాకపోయినా దానికి తల ఎటో కాళ్ళు ఎటో మాత్రం తెలిసేది.

చదువు నాకు యాభై దాటాక వచ్చింది. నేర్పింది ఆ పిల్లే. అప్పుడు తను ఇంకా చిన్న తరగతుల్లో ఉంది. సాయంత్రాలు టీచరాట ఆడుకోవడానికి ఎవరూ దొరక్క, డ్యూటీ నుంచి వచ్చిన నన్ను గోడకు కూర్చోబెట్టేది. గుణింతం తప్పితే స్కేలుతో అరచేతి మీద కొట్టేది. ఉత్తుత్తిగా కాదు, చురుక్కుమనేలా కొట్టేది. అందులో ఆట ఎక్కడ అయిపోయిందో, చదువు ఎక్కడ మొదలైందో నాకూ తెలియదు, దానికీ తెలియదు. ఇవాళ ఈ నాలుగు మాటలు నా చేత్తో రాస్తున్నానంటే ఆ దెబ్బల పుణ్యమే.

మా ఇళ్ళలో పూలుపండ్లకైనా పెళ్ళికైనా పిల్లను పీట మీద కూర్చోబెట్టాక మొదటి బొట్టు మేనత్త పెట్టాలి. ఆ తర్వాతే మగపెళ్ళివారు పెడతారు. మేనత్తను నేను ఉన్నాను. ఉన్నా లేనట్టే. మొగుడు లేని మేనత్తను ఇంట్లో బియ్యం ఏరడానికి లెక్కపెడతారు గాని పీట దగ్గర లెక్కపెట్టరు. ఆ బొట్టు మా మరదలి అక్క పెట్టాలని నిర్ణయించారు. ఆమె రామంతాపూర్‌లో ఉంటుంది. మొగుడూ ఉన్నాడు, బండీ ఉంది. నిర్ణయం నాకు చెప్పలేదు. వంటింట్లో తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటుంటే పక్క గదిలోంచి విన్నాను.

"అత్త పెడితే ఏమైతదే?" అంది పిల్ల.

"ఏం గాదు. నీ బతుకుల ఏం గావొద్దనే గదా నా తిప్పలు" అంది మరదలు.

మరదలు చెడ్డది కాదు. అది అడ్డం పెట్టుకున్న భయం పాతది, అందరి ఇళ్ళలోనూ ఉన్నది. కానీ నాకు ఆ బొట్టు పెట్టాలనే ఉంది. దాచుకోవడం ఎందుకు? ఆ పిల్లకు నేను ఏమవుతానో నలుగురి ముందు తేలే చోటు ఆ పీట ఒక్కటే. మిగతా రోజుల్లో వండేదాన్నీ, తల దువ్వేదాన్నీ, దెబ్బలు తిన్న శిష్యురాలినీ. అవేవీ నలుగురికి కనిపించవు.

ఇక లైవ్ సంగతి. అందులో కొంత నా తప్పు... కాదు, నా చదువు తప్పు. మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ చౌరస్తా అంతా తవ్విపోసిన రోజులవి. బస్సు అక్కడ ఆగిందంటే బోర్డులన్నీ తీరిగ్గా చదువుకోవచ్చు. ఒక ఫోటో స్టూడియో మీద కొత్తగా రాయించిన బోర్డు కనిపించింది. మీ ఇంటి శుభకార్యం ప్రపంచమంతా లైవ్‌లో చూడవచ్చునట. ఊరికే ఉండక ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పాను. బస్సుల్లో కిటికీ పక్కన కూర్చుని చదువురాని వాళ్ళలాగే వచ్చి ఉంటే ఈ కథే లేదు.

తమ్ముడికి అది పిచ్చిగా పట్టుకుంది. "ఒక లింకు ఇస్తడట అక్కా. మస్కట్ల అల్లుడు, భీవండిల వాళ్ళ పెదనాయనలు, అందరు ఒక్కపారే సూస్తరు" అన్నాడు.

"అందరు సూస్తరంటే గోడలకు రంగెయ్యాలె" అంది మరదలు.

వేయించారు. కెమెరాకు కనిపించే గోడ ఒక్కదానికే వేయించారు. మిగతా మూడు గోడలూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ గదిలో నిలబడితే ఒక ఇంట్లో ఉండి ఇంకో ఇంటిని చూస్తున్నట్టు ఉండేది.

ఆ వారం బంద్ పిలుపేమీ రాలేదు. తెలంగాణ వస్తుందో రాదో టీవీలో రోజూ పెద్దవాళ్ళు కొట్లాడుకునేవారు గాని, మా ఇంట్లో ఫికరంతా కరెంటు కోత మీదే ఉంది. స్టూడియో అతను ఇన్వర్టరు, లాప్‌టాపు, స్టాండు, రెండు పెద్ద లైట్లు మోసుకుని పొద్దున్నే వచ్చాడు. మగపెళ్ళివారు జనగామ నుంచి బయలుదేరారు, రావడానికి ఇంకా టైముంది. వచ్చిన వెంటనే అతను ట్రయల్ అన్నాడు.

"ట్రయల్ ఎందుకు? ఒక్కపారే తీస్తే అయిపాయె" అన్నాడు తమ్ముడు.

"లైవ్‌ల తప్పువోతే మల్ల తీసుడు ఉండది సార్. చుట్టాలు సూడకముందే మనం తప్పులన్నీ చేసుకోవాలె. ఎవలనన్న పీట మీద కూసోబెట్టున్రి. మనిషుంటే సాలు."

ఆ మాటకు మరదలు చీర కుచ్చిళ్ళు పట్టుకుని గది గుమ్మంలోంచే కేకేసింది. "పిల్లను ఉత్తగ కూసోబెడ్తరా? పీట ఎక్కినంక బొట్టు పెట్టకుంట దించుతరా ఎవలన్న? నేనొప్ప!"

పక్కింటామెను అడిగారు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "నాకద్దమ్మా. ఉత్తగ కూసోబెట్టి మల్ల పెండ్లి జేస్తరా ఏంది నాకు? ఉన్నోనితోనే యేగలేక సస్తున్న" అంది.

అప్పుడు తమ్ముడి చూపు నా మీద పడింది. "అక్కా, నువ్వు జర కూసోరాదు?"

"కూసుంట తియ్యి. నాకు కొత్తగ తగిలే అరిష్టం ఏమున్నది?" అన్నాను.

మొగుడు పోయాక ఒక శుభకార్యంలో నన్ను పీట మీదికి పిలవడం అదే మొదలు. అరిష్టం ఎవరికీ తగలకుండా కూర్చోగలిగిన మనిషి ఇంటికి ఒకరుండాలని ఆ రోజే తెలిసింది. కూర్చున్నాను. స్టూడియో అతను లైట్లు నా ముఖం మీద వేశాడు. లాప్‌టాపులో నన్ను నేను అంత పెద్దగా చూసుకోవడం కూడా మొదటిసారే. తెర నిండా ఏవో అక్షరాలు, అన్నీ ఇంగ్లీషువి. ఇంత కష్టపడి నేర్చుకున్న వాటిలో ఒక్కటీ ఆ పెట్టెలో లేదు.

ట్రయల్ చూడడానికి పెళ్ళికొడుకు ఒక్కడికే లింకు పంపాడు. మాట్లాడడానికి ఫోను స్పీకరులో పెట్టాడు.

"హలో తమ్మీ, కనవడుతున్నదా?"

"కనవడుతున్నది అన్నా... గానీ పిల్ల ఏది?"

"నేనే పిల్లను" అన్నాను నేను. "నచ్చకుంటే గిప్పుడే చెప్పు బిడ్డా. ఇంక లైవ్ గాలే."

ఫోనులోంచి ఒకేసారి నలుగురైదుగురు నవ్విన చప్పుడు వచ్చింది. వాళ్ళ గదిలో తోటి పనివాళ్ళందరూ చేరినట్టున్నారు. పెళ్ళికొడుకు తడబడి "నమస్తే అత్తమ్మా" అన్నాడు. ఆ పిల్లవాడు నాకు అక్కడే నచ్చాడు.

స్టూడియో అతనికి మాత్రం నేను నచ్చలేదు. నా నలుపుకూ తెల్లవెంట్రుకలకూ లైటు సరిచేస్తే, తర్వాత పౌడరు వేసుకున్న పిల్ల కూర్చుంటే ముఖం సున్నం కొట్టినట్టు కనిపిస్తుందట. "ఒక్క నిమిషం పిల్లనే కూసోబెట్టున్రి సార్" అన్నాడు. తమ్ముడు గదివైపు చూశాడు. లోపల మరదలు నోట్లో పిన్నీసులు పెట్టుకుని సగం చీరలో ఉంది. దాని నుంచి "ఊఁ ఊఁ" అని మాత్రమే వినిపించింది. వద్దనే అంది పాపం. కానీ పిల్ల అప్పటికే బయటికి వచ్చేసింది.

"లే అత్తా, నేను కూసుంట. నీ ఉద్యోగం అయిపాయె" అంది.

లేచాను. లైటు సరిపోయింది. ఇక అతనికి ఇంకో అనుమానం. బొట్టు పెట్టేవాళ్ళు ఎడమ పక్క నుంచి వంగితే చేయి అడ్డం వచ్చి ముఖం కనిపించదట. ఎటు నుంచి చేయి రావాలో చూడాలి. మొదటి బొట్టు పెట్టవలసిన మరదలి అక్క ఇంకా ఉప్పల్ దగ్గర తవ్విన రోడ్డు మీదే ఉంది. అతను చుట్టూ చూసి, దగ్గర్లో నేనే కనిపించి, "అమ్మా, జర మీరు పెట్టున్రి" అన్నాడు. నా నుదురు అతనికి కనిపించక కాదు. అతనికి నుదురు కంటే ఫ్రేము ముఖ్యం.

"ఉత్తగ చెయ్యి ఊపితే సాలదా?" అన్నాను.

"సాలది. కెమెరాల ఎరుపు ఒక్కోపారి నల్లగ పడ్తది. కుంకుమ పెట్టి సూడాలె."

కుంకుమ భరిణె పళ్ళెంలోనే ఉంది. నేను పిల్ల వైపు చూశాను. అది గడ్డం కొంచెం పైకెత్తి కళ్ళు మూసుకుంది. లైటు చూసుకోవడానికి కళ్ళు మూసుకోవాల్సిన పనేముంది? పెట్టాను. నిండుగా, గుండ్రంగా పెట్టాను. అక్కకు తెలియక పెట్టిందని మా తమ్ముడు తర్వాత చాలామందికి చెప్పాడు. తెలియక పెట్టలేదు. కుంకుమ ఏమిటో, నా చేయి ఏమిటో నాకు బాగా తెలుసు.

"మస్తు వచ్చింది" అన్నాడు ఫోనులోంచి పెళ్ళికొడుకు.

"ఓకే. తుడిచెయ్యున్రి. ఇంకొక్కపారి కుడి దిక్కు నుంచి సూద్దాం" అన్నాడు స్టూడియో అతను.

మాలో ఒక ఆడదాని బొట్టును ఇంకొకరు తుడిచే సందర్భం ఒక్కటే ఉంటుంది. అది ఏమిటో అందరికీ తెలుసు. పీట మీద కూర్చున్న పెళ్ళికూతురి బొట్టు తుడవమని ఆ మహానుభావుడు బల్ల మీద నీళ్ళు తుడవమన్నంత సులువుగా అన్నాడు.

పిన్నీసులు ఉమ్మేసి మరదలు బయటికి వచ్చింది. అదే సమయానికి దాని అక్క దుమ్ము దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏంది వదినె గిది? ఎవలు పెట్టుమన్నరు నిన్ను?" అంది మరదలు.

"కెమెరా ఆయన పెట్టుమన్నడు. ట్రయల్‌కు."

"ట్రయల్‌కు నిజం కుంకుమ పెడ్తరా?"

"గాయన నిజం కెమెరా పెట్టిండు గద మరి" అన్నాను.

మరదలి అక్క పిల్ల ముఖంలోకి వంగి చూసింది. "తుడువున్రి జెల్ది. వాళ్ళు వచ్చేలోపల తుడువున్రి."

"నువ్వు తుడువు" అంది మరదలు.

"నేనెట్ల తుడుస్తనే? శుభమా అని వచ్చిన."

"ముఖం కడుక్కుంటే పోతది గదా" అన్నాడు తమ్ముడు. మగవాడికి తోచినంత తోచింది. పిల్ల ముఖానికి మేకప్పు వేసినామె మూలన కూర్చుని టీ తాగుతోంది. ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "నీళ్ళు తగిలితే మల్ల మొదటి నుంచి సార్. గంటన్నర" అంది. అరిష్టం ఒక పక్క, మేకప్పు ఒక పక్క. ఆ క్షణాన ఏది పెద్ద దేవత అంటే నేను చెప్పలేను.

పంతులుకు ఫోను చేశారు. ఆయన ఎక్కడో ఇంకో ముహూర్తంలో ఉన్నాడు. సంగతంతా విని, "ట్రయల్ గురించి శాస్త్రంలో లేదమ్మా" అని పెట్టేశాడు.

ఫోనులో మస్కట్ ఇంకా ఉందన్న సంగతి అందరూ మరచిపోయారు. "అంకుల్, ఏమన్న ప్రాబ్లమా?" అని వినిపించింది.

"ఏం లేదు బిడ్డా, సౌండు ట్రయల్" అని తమ్ముడు గబగబా దాన్ని బంద్ చేశాడు.

చివరికి మరదలి అక్క తీర్పు చెప్పింది. "పెట్టిన చెయ్యే తుడవాలె. వదినె, నువ్వే తుడువు. నీకెట్లాగు ఏం గాదు."

నేను కోపంగా అనలేదు. మెల్లగానే అన్నాను. "నాది తుడిచిన చేతులు మా ఊర్ల ఇంకా బతికే ఉన్నయి. గా ముసలమ్మలను పిలిపియ్యున్రి, అలవాటున్నది వాళ్ళకు. నేనైతే తుడువ."

ఆ తర్వాత ఎవరూ తుడవమనలేదు. పిల్ల కళ్ళు తెరిచి తల్లి వైపు చూసింది. మరదలు కాసేపు కుంకుమ భరిణె మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. దానికి దారి దొరికినట్టుంది. "ట్రయల్‌ల పెట్టింది లెక్కకు రాదు. లైవ్‌ల పెట్టేదే మొదటిది. అక్కా, నువ్వు దాని మీదనే పెట్టు, పెద్దగ. కిందిది కనవడొద్దు" అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. శాస్త్రంలో లేనిదాన్ని మా మరదలు నిలబడ్డ చోటే రాసేసింది.

మగపెళ్ళివారు వచ్చారు. లైవ్ మొదలైంది. నెట్టు కార్డు కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటేనే సిగ్నలు వస్తోందని, దాన్ని పట్టుకుని నిలబడే పని నాకు అప్పజెప్పారు. కెమెరా వెనక, రంగు వేయని గోడ పక్కన. మస్కటూ భీవండీ రెండూ నా చేతిలోంచే పోతున్నాయి. ఎవరికీ నేను కనిపించను.

మరదలి అక్క కుడి వైపు నుంచి వచ్చింది. వేలు నిండా కుంకుమ తీసుకుంది. సరిగ్గా నా బొట్టు మీద ఆనించబోయే క్షణంలో పిల్ల తల ఎత్తింది. దగ్గు వచ్చిందో, కావాలని ఎత్తిందో నేను అడగలేదు. బొట్టు కిందికి పడింది. ఒకదాని కింద ఒకటి, విసర్గలాగా.

ఆ తర్వాత పెళ్ళికొడుకు తల్లి. ఆమె పసుపు రాసి, కుంకుమ వేలితో తీసి, ఆగింది.

"మాకంటె ముందు ఇద్దరు పెట్టిన్రా? ఎవలెవలు?" ఊరికే అడిగింది. పెళ్ళివాళ్ళు అడిగే మామూలు ప్రశ్న.

మైకు పిల్ల చీర కొంగుకే ఉంది. "పైది మా మేనత్త పెట్టింది. కిందిది మా పెద్దమ్మ" అంది పిల్ల స్పష్టంగా, నాకు గుణింతం చెప్పిన గొంతుతో.

"అవునా, ఏది మేనత్త?" అంది ఆమె.

ఇక్కడ స్టూడియో అతను తన పని తాను చేశాడు. మేనత్త అనగానే చూపించాలి కాబట్టి కెమెరాను తిప్పి నా మీద పెట్టాడు. ఒక చేయి పైకెత్తి, నెట్టు కార్డు పట్టుకుని, కిటికీ పక్కన, పెచ్చులూడిన గోడ ముందు నేను. నా బోసి నుదురు మస్కట్‌కూ భీవండికీ ఒకేసారి వెళ్ళింది. చేయి దించుదామంటే సిగ్నలు పోతుందని దించలేదు.

పెళ్ళికొడుకు తల్లి నన్ను చూసింది. అర్థమైంది ఆమెకు. తర్వాత లాప్‌టాపు వైపు చూసింది. అందులోంచి ఆమె తోడికోడళ్ళు, బావలు, కొడుకు, కొడుకు పక్కన కూర్చున్న కంపెనీ వాళ్ళు అందరూ ఆమెనే చూస్తున్నారు. మామూలు గదిలో అయితే ఆమె ఏమనేదో నాకు తెలుసు. మామూలు గదుల్లో అట్లాంటి మాటలు చాలా విన్నాను. లైవ్‌లో మనిషి తలకు నూనె రాసుకుని దువ్వుకున్నట్టు ఉంటాడు.

"మేనత్త పెట్టుడే పద్ధతి. మా దిక్కు గూడ గంతే" అంది నవ్వుతూ, కెమెరాకు వినిపించేలా. తన బొట్టు మూడోదిగా పెట్టింది.

మరదలు నా వైపు చూడలేదు. కానీ దాని భుజాలు దిగడం నేను వెనక నుంచి చూశాను. తెర మీద భీవండి నుంచి ఏదో రాశారు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. నాకు రాలేదు. స్టూడియో అతను చదివి చెప్పాడు, "మేనత్త సల్లంగుండాలె అని రాసిన్రమ్మా" అని.

భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కునే దగ్గర పెళ్ళికొడుకు తల్లి నా పక్కకు వచ్చింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"వదినె, గప్పుడు నేనన్న మాట... అందరు సూస్తున్నరని అన్న. మీరు మనసుల పెట్టుకోకున్రి."

"పెట్టుకున్న వదినె. మీ మాట మస్కట్ దాక పోయింది. వాపసు ఎట్ల తెస్తరు?"

ఆమె మగ్గు నాకు అందించి వెళ్ళిపోయింది.

నాలుగు నెలలకు ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు సెలవు మీద వచ్చాడు. చుట్టాలందరూ వచ్చారు కాబట్టి లైవ్ లేదు. లైవ్ లేదు కాబట్టి ట్రయల్ లేదు. నన్ను స్టోర్ రూమ్ దగ్గర కూర్చోబెట్టి తాళాలు చేతికిచ్చారు. చీరలూ సామానూ అక్కడే ఉన్నాయి, నమ్మకమైన మనిషి కావాలన్నారు. కూర్చున్నాను.

పెళ్ళికూతుర్ని పీట మీదికి తెచ్చాక పెళ్ళికొడుకు తల్లికి పెద్ద తోడికోడలు, భీవండి నుంచి వచ్చినామె, అందరినీ ఆపిందట. మనిషి కంటే గొంతు పెద్దది ఆమెకు. స్టోర్ రూమ్ దాకా వినిపించింది.

"మొదటి బొట్టు మేనత్తది గదా? కంప్యూటర్‌ల సూసినం గదా మేమందరం? నువ్వే అంటివి గదనే, మేనత్త పెట్టుడే పద్ధతని! ఏది గామె?"

కాదనడానికి వీల్లేదు. కాదంటే, కెమెరా ముందు తను అబద్ధం చెప్పానని పెళ్ళికొడుకు తల్లి అందరి ముందు ఒప్పుకోవాలి. ఆమె ఆ పని చేసే మనిషి కాదు. కాసేపటికి తనే స్టోర్ రూమ్ గుమ్మంలో నిలబడింది, వెనక మా మరదలు.

"రాండ్రి వదినె, టైమైతున్నది" అంది.

తాళాలు మరదలి చేతికిచ్చాను. అది తీసుకుని నా స్టూలు మీద కూర్చుంది. నేను చెయ్యి కడుక్కుని పీట దగ్గరికి వెళ్ళాను.